కలిసి కనిపెట్టుకొనుడి

ఆగమన కాలపు పాఠము
చదువవలసిన భాగములు: లూకా 1:5–66, 1 రాజులు 19:1–21



పత్తి తీతలు సాగుచున్నవి. మిర్చి తోటలు పూతకు వచ్చినవి. తెల్లవారుజామున మంచు కురియుచున్నది. పొలము కాపలాకు పోవువారు దుప్పట్లు కప్పుకొని పోవుచున్నారు. ఈ దినములలోనే సంఘము తన క్రొత్త సంవత్సరమును ప్రారంభించును. లోకము జనవరి 1వ తేదీని సంవత్సరాదిగా ఎంచును, తెలుగువారు ఉగాదిని ఎంచుదురు. సంఘమైతే క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగవ ఆదివారముతో తన సంవత్సరమును మొదలుపెట్టును. ఆ ఆదివారము నవంబరు 27కును డిసెంబరు 3కును మధ్య పడును. అది మొదలు క్రిస్మసు వరకు గల దినములకే ఆగమన కాలమని పేరు.

ఆగమనమనగా రాకడ. మన ప్రభువు శిశువై బేత్లెహేములో వచ్చెను. నేడు తన వాక్యములోను తన బల్లయొద్దను మన యొద్దకు వచ్చుచున్నాడు. కడవరి దినమున మహిమతో రానైయున్నాడు. ఈ మూడు రాకడలను సంఘము ఈ కాలములో ధ్యానించును. వచ్చువాని కొరకు మనము చేయవలసిన పని యేమి? కనిపెట్టుకొనుట.

ఈ మాట పల్నాటి రైతునకు క్రొత్తది కాదు. వాన కొరకు కనిపెట్టును, కాలువ నీటి కొరకు కనిపెట్టును, పంట చేతికి వచ్చిన తరువాత ధర కొరకు కనిపెట్టును. రాత్రి కాపలాకు ఒంటరిగా పోయినవాడు త్వరగా నిద్రకు లోబడునని, ప్రక్క చేలో మరియొకడు మంట వేసికొని కూర్చున్నయెడల తెల్లవారువరకు మెలకువగా ఉండగలడని కూడ అతడెరుగును. ఆగమన కాలము విషయములోను ఇంతే. ప్రభువు కొరకు కనిపెట్టుట ఒక్కొక్కడు తన గదిలో తలుపు వేసికొని చేయు పని మాత్రమే కాదు. అది కలిసి చేయు పని. ఈ మాసము మనము నేర్చుకొనవలసిన పాఠమిదే.

1. నీళ్లకు ముందు కాలువ

1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన, ఆగమన కాలపు దినములలోనే, నాగార్జునసాగరమునకు జవాహర్‌లాల్ నెహ్రూగారు పునాదిరాయి వేసిరి. కాలువలలోనికి నీరు వదలినది 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీగారి చేతులమీదుగా. మధ్యను 11 సంవత్సరములకు పైగా గడచినవి. ఆ యేండ్లు పల్నాటి ప్రజలు ఊరక కూర్చుండి గడపినవి కావు. వేలకొలది స్త్రీ పురుషులు రాళ్లు మోసిరి, మట్టి త్రవ్విరి. నీళ్లు వచ్చిన తరువాత కాలువ త్రవ్వుదమని ఎవరును అనలేదు. కాలువ ముందు, నీళ్లు తరువాత. దానికే నేడు జవహర్ కాలువయని, కుడి కాలువయని పేరు.

యెషయా ప్రవక్త 40వ అధ్యాయములో సెలవిచ్చినది సరిగా ఇటువంటి పనియే. ప్రభువునకు త్రోవ సిద్ధపరచుడనియు, పల్లములను ఎత్తు చేయుడనియు, మెట్టలను చదును చేయుడనియు ఆయన పలికెను. బాప్తిస్మమిచ్చు యోహాను అరణ్యములో అదే పనికి జనులను పిలిచెను. ప్రభువును రప్పించుట మన చేతిలో లేదు. ఆయన తన కృపచేత తానే వచ్చును. త్రోవలోని రాయిని తీయుట మనకు అప్పగింపబడిన పని.

ఇంకొక సంగతి కూడ మన కాలువలు మనకు నేర్పును. తూము విడిచినంతనే నీరు అందరికి అందదు. మేజరు కాలువ మొదటనున్న చేలు తడిసి మడుగులు కట్టును. చివరి భూములు మాత్రము ఎండి నెఱ్ఱెలు తీయుచుండును. నీరు లేకపోవుటవలన ఎల్లప్పుడు ఇట్లు జరుగదు. మధ్యలో పూడిక పేరుకొనియుండవచ్చును, పైవాడు తన వంతు అయిన తరువాత కూడ తన మడవ మూయకపోవచ్చును. చివరి రైతు గట్టుమీద నిలిచి చూచి యింటికి తిరిగిపోవును.

క్రిస్మసు సంతోషము కూడ ఇట్లే సంఘములో మొదటి చేలలోనే నిలిచిపోవుట కలదు. గుడికి సున్నము వేయుదుము, నక్షత్రము కట్టుదుము, క్రొత్త బట్టలు కుట్టించుదుము, పిండివంటలు చేయుదుము. ఇవన్నియు మంచివే. కాని మన వీధి చివరి యింటికి ఆ సంతోషము పారినదా? పారనియెడల పూడిక ఎక్కడ నున్నది? ఈ ప్రశ్న అడుగుకొనుటకే సంఘమునకు క్రిస్మసునకు ముందుగా ఈ వారములు ఇయ్యబడినవి.

2. లేచి వెళ్లిన మరియ

లూకా మొదటి అధ్యాయము తెరచి చూడుడి. రక్షకుని రాకడను గూర్చిన వార్త మొదట రెండు యిండ్లకు వచ్చెను. ఒకటి యూదయ కొండసీమలో జెకర్యా యిల్లు. యజమానుడు నమ్మలేదు గనుక మూగవాడాయెను. అతని భార్యయైన ఎలీసబెతు ముసలితనమున గర్భవతియై అయిదు నెలలు ఇతరుల కంటబడక యుండెను. ఇన్ని యేండ్లు గొడ్రాలని లోకముచేత అనిపించుకొన్న స్త్రీ ఆమె. దేవుని మేలు పొందినది గాని, ఆ మేలును గూర్చి నోరు విప్పి మాటలాడుకొనుటకు ఆ యింట ఆమెకు మనిషి లేడు.

రెండవది నజరేతులో మరియ యిల్లు. ఆమె ప్రధానము చేయబడిన చిన్నది. దేవదూత చెప్పిన మాటను నమ్రతతో అంగీకరించెను. దూత వెళ్లిపోయెను. తరువాత? ఊరిలో ఎవరితో చెప్పగలదు? చెప్పినను ఎవరు నమ్ముదురు? ఆమెయు ఒంటరిదే.

ఇచ్చట ఒక చిన్న సంగతి గమనింపుడి. గబ్రియేలు ఎలీసబెతు సంగతి మరియకు తెలియజేసెను గాని, ఆమె యొద్దకు పొమ్మని ఆజ్ఞాపించినట్లు వ్రాయబడలేదు. మరియ తానే లేచి త్వరగా వెళ్లెను. నజరేతు నుండి యూదయ కొండలకు నూరు కిలోమీటర్లకు పైగా దూరము. దాదాపు మాచర్ల నుండి గుంటూరునకు కాలినడకను పోవునంత. మూడు నాలుగు దినముల ప్రయాణము. సహాయము కావలసిన చిన్నది, తన సహాయము కావలసిన ముసలమ్మ యొద్దకు నడచిపోయెను.

గడపలో అడుగుపెట్టి వందనము చేసినంతనే ఏమి జరిగెను? ఎలీసబెతు సాక్ష్యము అడుగలేదు, నిలదీయలేదు. వయసున పెద్దదయ్యు చిన్నదానిని ఆశీర్వదించి, తన ప్రభువు తల్లి తన యొద్దకు వచ్చెనని సంతోషించెను. అప్పుడు గదా మరియ నోట స్తుతికీర్తన వెలువడినది! నజరేతులో ఒంటరిగా నున్నప్పుడు ఆమె పలికినది ఒక చిన్న సమ్మతి మాట మాత్రమే. సంఘము రెండు వేల యేండ్లుగా పాడుకొనుచున్న ఆ కీర్తన ఎలీసబెతు యింట, ఇద్దరు స్త్రీలు కలిసికొన్నచోట పుట్టినది. విశ్వాసము ఒంటరిగా నున్నను బ్రతుకును. అది పాట పాడవలెనన్న తోడు కావలెను.

మరియ అక్కడ ఇంచుమించు మూడు నెలలుండెను. ఒక దినము చూచిపోవుట కాదు. ఎలీసబెతునకు ఆరవ నెలలో వచ్చి, నెలలు నిండుచున్నంత వరకు నిలిచెను. నీళ్లు తోడియుండవచ్చును, రొట్టె కాల్చియుండవచ్చును. వాక్యము దానిని గూర్చి చెప్పదు. కాని ముసలి గర్భవతి యింట మూడు నెలలు నిలిచిన చిన్నది చేతులు కట్టుకొని కూర్చుండదని మన ఆడవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆగమన కాలమును ఆచరించిన మొదటి సంఘము ఇదే: ఇద్దరు స్త్రీలు, మాటలాడలేని ఒక వృద్ధుడు.

3. మన గడపకు నడచి వచ్చినవారు

మనకు సువార్త వచ్చిన విధము కూడ ఇదే. జర్మనీలో 1793లో పుట్టి, అమెరికాలో పాదిరియైన హయ్యరు అయ్యగారు 1842 జూలై 31న గుంటూరు చేరెను. అంతటితో ఆగక 1849లో పల్నాటికి వచ్చి గురజాలలో కాపురముండెను. రైలు లేదు, తారు రోడ్డు లేదు. ఎండ యెక్కువ, జ్వరములు యెక్కువ. మన పితరులు ఆయన యొద్దకు పోలేదు. ఆయనే లేచి మన యొద్దకు వచ్చెను.

అయినను ఆయనకును తోడు అవసరమాయెను. 1844లో గన్ను దొరగారును ఆయన భార్యయు వచ్చి గుంటూరు పనిలో చేయి కలిపిరి. మన ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపెనని లూకా 10:1లో చదువుచున్నాము. తాను సర్వశక్తిగలవాడై యుండియు, తన సేవకులు ఒంటరిగా నడువవలెనని ఆయన కోరలేదు.

4. పండుగ లేని యిల్లు

ఇప్పుడు ఒక కష్టమైన సంగతి వ్రాయవలసియున్నది. 2021–22లో నల్లతామర పురుగు మన మిర్చి తోటలను పాడుచేసిన సంగతి ఏ యింటివారును మరువలేదు. మేమెరిగిన ఒక గ్రామములో ఆ యేడు కౌలు రైతైన ఒక విశ్వాసి అప్పుల భారము మోయలేక తన ప్రాణమును తానే తీసికొనెను. భార్యయు, ఇద్దరు పిల్లలును మిగిలిరి.

మరుసటి డిసెంబరులో సంఘపు యౌవనస్థులు ఎప్పటివలె రాత్రివేళ దీపము పట్టుకొని, డప్పుతోను తాళములతోను ఇంటింట పాడుచు ఆ వీధికి వచ్చిరి. ఆ గుమ్మము దగ్గరకు రాగానే పెద్దవాడొకడు, “వారికి ఈ యేడు పండుగ లేదు, పదండి” అని మెల్లగా చెప్పెను. అందులో చెడు తలంపేమియు లేదు. చావు జరిగిన యింట సంవత్సరము వరకు పండుగ చేయరాదను వాడుక మన దేశములో కలదు. దుఃఖములో నున్నవారిని నొప్పింపరాదనియే ఆయన అట్లనెను. పాట ప్రక్క యింటి ముందు మొదలాయెను.

లోపల ఆమె మేలుకొనియే యుండెను. కొన్ని దినముల తరువాత స్త్రీల సమాజములో ఆమె చెప్పిన మాట ఇది: “పాట దగ్గరకు వస్తా ఉంటే పిల్లోళ్లను లేపి కూచోబెట్టినానమ్మా. అది మా గడప దాటిపోయింది.”

ప్రియులారా, ఈ మాటను తేలికగా విడువకుడి. క్రిస్మసు ఎవరి కొరకు? చీకటిలో కూర్చున్నవారికే గొప్ప వెలుగు ప్రకాశించునని యెషయా 9వ అధ్యాయము బోధించుచున్నది. చీకటి యింటిని విడిచి, దీపములు వెలుగుచున్న యింటికి ఆ వార్తను మోసికొనిపోయిన యెడల మనము వార్తను మోసితిమి గాని, త్రోవను తప్పితిమి. చావు ఉన్న యింట విందు లేకపోవచ్చును, క్రొత్త బట్టలు లేకపోవచ్చును. ప్రభువు జన్మించెనను మాట ఆ యింటికి లేదనుటకు మనకు అధికారము లేదు.

ఇట్టి మరణములను గూర్చి మన గ్రామములలో గుసగుసలు ఎక్కువ. అతనికి విశ్వాసము లేదని ఒకడనును, అతడు నరకపాత్రుడని మరియొకడనును. తీర్పు మనది కాదు. 1 రాజులు 19వ అధ్యాయము చదువుడి. కర్మెలు పర్వతముమీద అగ్నిని దింపిన ఏలీయాయే ఆ తరువాత అడవిలో బదరీవృక్షము క్రింద కూర్చుండి, తన ప్రాణము తీసికొమ్మని దేవుని వేడుకొనెను. దేవుడు అతనిని గద్దించెనా? దూతను పంపి నిద్ర లేపి, కాల్చిన రొట్టెయు నీళ్లును పెట్టించెను. మరల పండుకొననిచ్చి, మరల లేపి పెట్టించెను. మొదట అన్నము, విశ్రాంతి, బోధ తరువాత. తాను ఒక్కడనే మిగిలితినని ఏలీయా మొరపెట్టగా దేవుడు ఏడువేలమంది ఉన్నారని తెలిపి, ఎలీషాను అతనికి తోడుగా ఇచ్చెను. అలసిన ప్రవక్తకు దేవుడు చేసిన చికిత్స ఇది: రొట్టె, నిద్ర, దేవుని మెల్లని స్వరము, ప్రక్కన ఒక మనిషి.

దీనిని చదువువారిలో ఎవరైనను అట్టి భారముతో నున్నయెడల ఒక మాట చెప్పుచున్నాము: ఒంటరిగా మోయకుడి. ఈ రాత్రియే ఒకరితో చెప్పుడి. భార్యతోనో, అన్నతోనో, కాపరితోనో చెప్పుడి. ప్రభుత్వము నడుపు టెలి మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. అప్పు తీరు మార్గము రేపు వెదకవచ్చును. మనిషి పోయిన తరువాత వెదకుటకు ఏమియు మిగులదు. ఇరుగుపొరుగువారు కూడ మెలకువగా ఉండవలెను. గుడికి వచ్చుట మానినవాడు, నలుగురిలో కూర్చుండనివాడు, పురుగుమందు డబ్బాలు చేతికందునట్లు ఇంటిలోనే పెట్టుకొన్నవాడు కనబడినయెడల, సోమరియని తలంపక పోయి పలుకరింపుడి. ఆ డబ్బాలను మరియొక చోట తాళము వేసి దాచుడి.

ఆ గ్రామపు స్త్రీలు తరువాత చేసినది చెప్పి ముందునకు పోవుదుము. వారు ఉపన్యాసములు చేయలేదు. ఇద్దరిద్దరుగా వంతు వేసికొని వారమునకొక సాయంకాలము ఆమె యింట కూర్చుండిరి. పత్తి తీతకు ఆమెను తమ జట్టులో కలుపుకొనిరి. పిల్లల బడి సంగతి చూచుకొనిరి. మరు సంవత్సరము పాటల జట్టు మొదట నిలిచినది ఆ గడప యెదుటనే. ఆ రాత్రి డప్పు కొట్టలేదు. మెల్లగా ఒక్క పాట పాడి, ప్రార్థించి, ఆమె ఇచ్చిన టీ త్రాగి లేచిరి.

5. నాలుగు ఆదివారములు, నాలుగు దీపములు

జర్మనీ దేశపు హాంబుర్గు పట్టణములో విఖర్ను అను దైవసేవకుడు పేదపిల్లల ఆశ్రమమును నడుపుచుండెను. పిల్లలు క్రిస్మసు ఇంకెన్ని దినములకని మాటిమాటికి అడుగుచుండగా, 1839లో ఆయన ఒక పాత బండి చక్రమును తెచ్చి, దానిమీద ఆదివారములకు పెద్ద క్రొవ్వొత్తులను, తక్కిన దినములకు చిన్న క్రొవ్వొత్తులను నిలిపి, దినమున కొకటి చొప్పున వెలిగింపజేసెను. తరువాత అది నాలుగు క్రొవ్వొత్తుల ఆకుపచ్చ వలయముగా లోకమంతట వ్యాపించెను. మన గుడులకు ఖరీదైన వలయము అక్కరలేదు. బండి చక్రములు మన ఊళ్లలో ఇంకను కొన్ని దొరకును. లేనియెడల ఒక పళ్లెములో నాలుగు ప్రమిదలు చాలును. ఆదివారమున కొకటి వెలిగింపుడి. దానితో కూడ ఆ వారము ఒక పని చేయుడి.

మొదటి ఆదివారము: యోహాను 1:40–42. అపొస్తలుడైన అంద్రెయ దినము నవంబరు 30. ఆ దినమునకు దగ్గరనున్న ఆదివారమే ఆగమన కాలపు మొదటి ఆదివారము. మెస్సీయను కనుగొన్న అంద్రెయ మొదట తన సొంత సహోదరుని వెదకెను. గట్టు తగాదా వలననో ఆస్తి పంపకము వలననో మాటలు మానిన అన్నదమ్ములు ఈ వారము ఒకరి యింటికి ఒకరు పోవలెను.

రెండవ ఆదివారము: లూకా 3:10–14. ఏమి చేయవలెనని జనులు అడుగగా యోహాను వస్త్రమును, ఆహారమును, అన్యాయపు వసూళ్లను గూర్చి మాటలాడెను. రెండు దుప్పట్లు గలవాడు ఒకటి ఇయ్యవలెను. వడ్డీకి ఇచ్చినవాడు ఈ వారము తన లెక్కల పుస్తకమును ప్రార్థనతో తెరువవలెను.

మూడవ ఆదివారము: లూకా 1:39–56. ఈ సంవత్సరము చావు చూచిన యిండ్లను, పండుగ లేదని తలుపు వేసికొన్న యిండ్లను సంఘ పెద్దలు పేరు పేరున వ్రాసికొని, ప్రతి యింటికి ఇద్దరిని నియమింపవలెను. పాటల జట్టు మొదట అచ్చటికే పోవలెను. ముందుగా ఒకరు పోయి, వారికి ఇష్టమేనా యని అడుగవలెను.

నాలుగవ ఆదివారము: లూకా 2:25–38. సుమెయోను, అన్న వృద్ధులై కనిపెట్టిరి. పిల్లలు హైదరాబాదునకో బెంగుళూరునకో పనులకు పోగా ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు మన ప్రతి పల్లెలోను ఉన్నారు. నడువగలవారిని చేయి పట్టుకొని గుడికి తీసికొని రండి. నడువలేనివారి మంచము దగ్గర ఆ నాలుగవ దీపమును వెలిగింపుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మరియ ఎలీసబెతు యింటికి పోవుటవలన ఇద్దరిలో ఎవరికి ఎక్కువ మేలు కలిగెను?
2. మన సంఘములో సంతోషపు కాలువ ఎక్కడ పూడియున్నది? ఎవరి మడవ మూయవలసియున్నది?
3. ఏలీయాకు దేవుడు చేసినవాటిలో ఏది మనము ఈ వారము ఒకరికి చేయగలము?
4. ఎవరైన మన యింటికి రావలెనని మనమే కనిపెట్టుచున్నయెడల, ఆ సంగతి ఎవరితో చెప్పవలెను?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, నీవు దూరముగా నుండక నీ కుమారునియందు మా గడపకు వచ్చితివి. ఈ చలి దినములలో మేము ఒకరి నొకరు విడువక నీ కొరకు కనిపెట్టునట్లు మాకు కృప దయచేయుము. మా నడుమ పేరుకొన్న పూడికను తీసివేయుము. భర్తను కోల్పోయిన స్త్రీని, అప్పులలోనున్న రైతును, ఒంటరిగా దీపము పెట్టుకొను ముసలివారిని జ్ఞాపకము చేసికొనుము. వారి యింటికి నీవు పంపువారము మేమేయని మాకు తెలియజేయుము. నీ వెలుగు మా వీధి చివరి యింటి వరకు పారునుగాక. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.